చావు సర్టిఫికెట్లు ఇవ్వబడును

ఇంట్లో వస్తువుకు వైద్యం చేయించే ఓపిక మనకు లేదు గానీ, చావు సర్టిఫికెట్ ఇవ్వమంటే అందరం సివిల్ సర్జన్లమే. కారణం ఎప్పుడూ ఒకటే: "మోటారు పోయిందండీ." ఫ్యాను నీరసంగా తిరిగితే మోటారు పోయింది. మిక్సీ ఆగితే మోటారు పోయింది. కుక్కరు విజిల్ వేయకపోయినా అదే అనేవాళ్ళం, పాపం దానికి మోటారు లేదు.

ఆ మిక్సీ సంగతే చూడండి. జారు నిండా పప్పు కుక్కి, నీళ్ళు పొయ్యకుండా, ఆపకుండా రుబ్బుతాం. మోటారు కాలిపోకుండా లోపలున్న ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. అంటే మిక్సీ ఆగింది చావడానికి కాదు, బతకడానికి. ప్లగ్గు పీకి, కాసేపు చల్లారనిచ్చి, తిరగేసి, అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. అడుగున చూసేదెవరు? ఆ సంగతి రాసిన పుస్తకం అట్టపెట్టెతో పాటే పాత పేపర్లవాడి బండెక్కింది. మోటారు గిర్రున తిరుగుతున్నా జారులో బ్లేడు కదలకపోతే, కప్లర్ అరిగిందేమో చూడాలి. చిల్లర ఖర్చు. మనం మాత్రం ఎక్స్ఛేంజ్ మేళాకెళ్ళి, పాతదాన్ని మూడొందలకిచ్చి, ఆరు వేలది కిస్తీల మీద తెచ్చి, "మూడొందలు కలిసొచ్చాయి" అని ఇంట్లో గొప్పగా చెబుతాం.

వేలితో తోస్తే గానీ తిరగని ఫ్యానుకు తరచూ పోయేది కపాసిటర్. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపినా ఇద్దరు తినే బిర్యానీ ఖర్చు దాటదు. (పాత 75 వాట్ల ఫ్యాను తీసేసి, కరెంటు సగం కూడా తాగని బీఎల్‌డీసీ ఫ్యాను లెక్క చూసుకుని బిగించుకున్నవాళ్ళకు నా దండం. నా గొడవ లెక్క చూడనివాళ్ళతోనే.) ఇక ఏసీ ఫిల్టర్ కుళాయి కింద కడగడానికి పైసా ఖర్చు లేదు. అందుకే ఎవరూ కడగరు.

తప్పంతా మనదే అంటే కంపెనీలు చిన్నబుచ్చుకుంటాయి. 1924లో పెద్ద పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో జట్టు కట్టి, బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. అంతకు మించి వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా! ఇప్పుడు అంత శ్రమ లేదు. స్క్రూ ఉండాల్సిన చోట జిగురు పూస్తే సరి. ఫోన్ బ్యాటరీ మార్చాలంటే ముందు ఫోన్‌ను వేడిచేసి ఒలవాలి.

మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, సర్వీసు సెంటర్లు, వారంటీల వివరాలు ఒకేచోట దొరకాలని. దాన్ని తెరిచి చూసేవాళ్ళకన్నా పండగ సేల్ ఎప్పుడో తెలిసినవాళ్ళే మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కువ.

మీ వీధిలో మిక్సీలు బాగుచేసే కొట్టు ఇంకా మిగిలుంటే ఈ వారమే వెళ్ళి నంబరు రాసుకోండి. పార్టు మారిస్తే పాతది చూపించమనండి. కూలి దగ్గర బేరం మాత్రం ఆడకండి. షోరూంలో ఆడలేదు కదా!