నా చుట్టూ ఉన్న మట్టికి ధర కట్టండి

నేను ఉక్కు ట్యాంకును. ఇరవై వేల లీటర్ల పెట్రోలు పట్టేదాన్ని. ఇందిరా పార్కు చెట్లు ఇంకా లేతగా ఉన్న రోజుల్లో నాకు తారు పూసి హైదరాబాద్ దోమలగూడలో ఒక బంకు కింద పాతిపెట్టారు. చిక్కడపల్లి ఆటోలు, నారాయణగూడ స్కూటర్లు, అశోక్‌నగర్ కోచింగ్ పిల్లల బైకులు ఏళ్ల తరబడి నేనిచ్చిన పెట్రోలుతో తిరిగాయి. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. రోజూ డిప్ కడ్డీ దించి సరుకు ఎంతుందో కొలిచేవారు. అమ్మకం లెక్కకు మించి తగ్గితే మాత్రం ఎండకు ఆవిరైందని రాసేసేవారు. ఆవిరి కాలేదు. నీళ్లు చేరి నిలిచే నా అడుగుభాగంలో తుప్పు తినేసి, సూదిమొనంత బెజ్జం పడింది. కొన్నాళ్లకు బంకు మూతపడింది. పంపులు పీకి అమ్ముకున్నారు. నన్ను ఖాళీ చేసి, కడిగి, మండే ఆవిరి లేకుండా చేసి బయటికి తీయాలి. అది ఖర్చుతో కూడిన పని కాబట్టి ఎవరూ పూనుకోలేదు. అడుగున మడ్డి అలాగే ఉంది, పైన సిమెంటు పోసి బళ్లు నిలుపుతున్నారు. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా తెరిచిన వంతెన కూడా ఉక్కుదే. దానికి తుప్పు పడితే దారినపోయే ఎవరికైనా కనిపిస్తుంది. నాది కనిపించదు.

నాలోంచి పోయినది ఎంతో తెలియదు గాని, కొంచెమే అని సరిపెట్టుకోవడం తప్పు. పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ రెండూ కలిపి లెక్కవేస్తే, ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తేగలదు. కొంత ఆవిరైపోయినా, కొంత సూక్ష్మజీవులు తినేసినా భయపడవలసిన లెక్కే ఇది. పైగా ఈ ఊరి అడుగున ఉన్నది గ్రానైటు. పైపొర మొరం, దాని కింద రాతి పగుళ్లు. పగుళ్ల వెంట పోయే పెట్రోలు పక్కింటి బోరును వదిలేసి రెండు వీధుల అవతలి బోరులో తేలవచ్చు. హుస్సేన్‌సాగర్ అలుగు నీటిని మూసీకి చేర్చే నాలా కూడా ఈ దోమలగూడ మీదుగానే వెళుతుంది. ఇలాంటి నేలలో ఎక్కువ పరీక్ష బోర్లు వేయాలి, ఎక్కువ నీటి నమూనాలు పరీక్షించాలి. అంటే శుభ్రం చేసే పనికి ధర నేలను బట్టి మారుతుంది, కూలీని బట్టి, ల్యాబు ఫీజును బట్టి ఏటా పెరుగుతుంది.

నా బాధంతా ఆ ధర దగ్గరే ఉంది. లీకు గురించి చెప్పినవాడికి అయ్యే అసలు ఖర్చుకూ, తిరిగి వచ్చే సొమ్ముకూ మధ్య తేడా పెరిగేకొద్దీ లీకును దాచిపెట్టడమే లాభమవుతుంది. అమెరికాలో నాలాంటి ట్యాంకుల కోసం 1986లో ఒక నిధి పెట్టారు. గాలన్‌కు సెంటులో పదోవంతు పన్నుతో అది నడుస్తుంది. చాలా రాష్ట్రాలు సొంత నిధులు పెట్టుకుని, డ్రిల్లింగుకు ఇంత, నమూనాకు ఇంత అని పట్టిక కట్టి యజమానులకు ఖర్చు తిరిగి ఇస్తున్నాయి. అక్కడ 5 లక్షలకు పైగా లీకులు బయటపడ్డాయి, వాటిలో అత్యధికం శుభ్రమయ్యాయి. నేల కింది సంగతి పైకి రావాలంటే చట్టం ఒక్కటే చాలదు, చెప్పినవాడు మునిగిపోడన్న భరోసా కావాలి. అయితే ఆ పన్ను రేటు ఈనాటికీ మారలేదు, డ్రిల్లింగు ధర మాత్రం ఆనాటిది కాదు. మన దగ్గర సవరించడానికైనా అలాంటి పట్టిక లేదు. కలుషిత స్థలాల నియమాలు 2025లో వచ్చాయి, మంచిదే. ఖర్చు ఎవరు భరించాలో అవి చెబుతాయి. ఏ పనికి ఎంత అన్నది చెప్పవు.

పాడుచేసినవాడే కట్టాలి కదా, జనం సొమ్ము ఎందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీలో ఒక కంపెనీ బావులను పాడుచేసిన కేసులో ఆ సూత్రాన్నే సుప్రీంకోర్టు 1996లో నిలబెట్టింది. శుభ్రతకు 37 కోట్ల పైచిలుకు ఖర్చవుతుందని తేలింది. కంపెనీ ఏళ్ల తరబడి కట్టకుండా నెట్టుకొచ్చింది. చివరికి 2011లో 12 శాతం చక్రవడ్డీతో కట్టమని కోర్టు ఆదేశించింది. తేల్చిన మొత్తం కాలంతోపాటు కరిగిపోతుందని కోర్టే ఒప్పుకుందనడానికి ఆ వడ్డీయే సాక్ష్యం. అన్నాళ్లూ అక్కడి బావులు చెడిపోయే ఉన్నాయి. అందుకే ముందు అమెరికాలో లాంటి నిధి ఖర్చుపెట్టాలి, తర్వాత బాధ్యుడి నుంచి రాబట్టుకోవాలి. దీనివల్ల దోషి తప్పించుకోడు, నీళ్లు తోడుకునేవాళ్లు తీర్పు కోసం కాచుకోనక్కర్లేదు.

శుభ్రతకు ఇచ్చే రేటు పెంచితే కాంట్రాక్టర్లు బిల్లులు ఉబ్బిస్తారన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేను. కానీ రేటు పాతబడినా మోసం ఆగదు, మంచి పనివాళ్లు తప్పుకుని నాసిరకం వాళ్లు మిగులుతారు. ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ ధరలు ఖర్చుకు వెనకబడితే ఆసుపత్రులు కేసులు తీసుకోవడానికి వెనకాడటం మీరంతా చూసినదే. తెలంగాణ 2024లో ఆ ధరలు పెంచక తప్పలేదు. రోడ్లకూ కాలువలకూ ప్రామాణిక రేట్ల పట్టిక (ఎస్సెస్సార్) సవరించుకునే ప్రభుత్వం అందులోనే రాతినేలకు వేరుగా, మొరానికి వేరుగా శుభ్రత రేట్లు చేర్చవచ్చు. తవ్విన మట్టి టన్నులు చూసి మొత్తమంతా ఇచ్చేయకుండా, బెంజీన్ తగ్గిందని పరీక్షలో తేలాకే చివరి వాయిదా ఇస్తే ఉబ్బిన బిల్లులకు కళ్లెం పడుతుంది.

భారం ఎంతంటారా? ఆ నిధికి లీటరుకు ఒక్క పైసా పన్ను అనుకోండి. నేను ఒకసారి నిండితే 200 రూపాయలు. మూడు రోజులకొకసారి నిండినా ఏడాదికి 24 వేలు, ముప్పై ఏళ్లకు 7 లక్షల పైన. నా ఒక్కదాని చుట్టూ శుభ్రం చేయడానికి అది చాలకపోవచ్చు. కాని ప్రతి ట్యాంకూ కారదు. కారని వేల ట్యాంకుల పైసలు కారిన కొన్నిటికి అక్కరకొస్తాయి. ఆ పైసా కూడా రేట్ల పట్టికతోపాటు ఏటా పెరగాలి.