గాలం మీది, తప్పు చేపది

బాస్ చేపల వేటకు దిగే ప్రతి మనిషికీ ఒక బలం, పది బలహీనతలు ఉంటాయి. వాటిని సరిదిద్దుకోమని చెప్పే పుస్తకాలూ వీడియోలూ అమెరికాలో కోకొల్లలు. వాటి జోలికి పోకండి. బలహీనతను సరిదిద్దుకోవాలంటే ముందు అది ఉందని ఒప్పుకోవాలి. ఆపైన చేప పడకపోయినా రోజంతా నిలబడి చేతకాని పనిని చేతనయ్యేదాకా చేయాలి. టెక్సాస్ ఎండల్లో ఆ ఖర్మ మనకెందుకు? ఇక్కడ చెప్పే పద్ధతులు పాటిస్తే ఉన్నచోటే ఉంటూ, గొప్ప వేటగాణ్ణన్న నమ్మకాన్ని ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా కాపాడుకోవచ్చు.

ముందు మీ బలం ఏమిటో తేల్చుకోండి. ఒక్క చేప చాలు. మీకు మొట్టమొదట పడ్డ పెద్ద బాస్ ఏ ఎరకు పడిందో అదే మీ బలం, జీవితాంతం. మార్చి నెలలో లేక్ ఫోర్క్ ఒడ్డున స్పిన్నర్‌బైట్‌కి ఆరు పౌన్ల చేప పడిందనుకుందాం. నీళ్ళు అరవై, అరవై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వెచ్చబడేసరికి బాస్ గుడ్లు పెట్టడానికి లోతు తక్కువున్న ఒడ్డుకి వస్తుంది. ఆ రోజుల్లో మీ పాత చెప్పు విసిరినా నోట కరుచుకునేదేమో. ఆ సంగతి మీకు అనవసరం. మీరు స్పిన్నర్‌బైట్ మనిషి, అంతే.

ఆగస్టు వచ్చేసరికి అదే చేప ఇరవై అడుగుల లోతున, మునిగిపోయిన పాత వాగు గట్టు పక్కన చేరుతుంది. మీరు మాత్రం మార్చిలో నిలబడ్డ చోటే నిలబడి అదే ఎర విసరండి. మధ్యాహ్నానికి ‘ఈ లేక్‌లో చేపలు అయిపోయాయి’ అని ప్రకటించండి. లేక్ ఫోర్క్ గురించి ఈ మాట అనడానికి కాస్త గుండె ధైర్యం కావాలి. టెక్సాస్ రాష్ట్ర రికార్డు, 18.18 పౌన్ల బాస్, అక్కడిదే. 1992 జనవరిలో పడింది. పట్టినాయన ఆ పూట వెతుకుతున్నది బాస్‌ని కూడా కాదు, క్రాపీ అనే చిన్న చేపల్ని. అదీ నడి చలికాలంలో, లోతు నీళ్ళలో. ఇలాంటి వివరాలు బుర్రలోకి రానిస్తే ఒడ్డు మీద నమ్మకం సడలిపోతుంది. రానివ్వకండి.

ఎవరైనా ‘ఎప్పుడూ అదే ఎరేనా?’ అని అడిగితే పెద్దల పేర్లు అడ్డం వేయండి. కెవిన్ వాన్‌డ్యామ్ బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పెద్ద పోటీ నాలుగుసార్లు గెలిచాడు, ఏడుసార్లు ఏడాది మేటి వేటగాడయ్యాడు. ఆయనకు వేగంగా వేటాడటంలో పేరు. కాబట్టి మీరూ వేగంగా విసరండి, వేగంగా చుట్టండి, వేగంగా బోటు నడపండి. ఆ వేగంలోనే ఆయన, ఒక చేప తగలగానే అది రాయి దగ్గర తగిలిందా గడ్డి అంచున తగిలిందా, ఎర దేన్నైనా గుద్దుకుని పక్కకి జారినప్పుడు తగిలిందా అని పసిగట్టి, మరుసటి విసురులోనే దాన్ని వాడుకుంటాడు. ఆ కళ్ళు ఆయన దగ్గరే ఉండనివ్వండి. మనకు వేగం చాలు.

రిక్ క్లన్ పేరు ఇంకా బాగా పనికొస్తుంది. 1976, 1977, 1984, 1990 క్లాసిక్‌లు ఆయనవే. 2019లో ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది మీద ఎలీట్ టోర్నమెంటు గెలిచేనాటికి ఆయన వయసు 72. దీన్నుంచి తెలివైనవాడు నేర్చుకోవలసింది ఒక్కటే: మీకిప్పుడు నలభై అయితే కొత్త విద్య నేర్చుకోవడానికి ఇంకా ముప్పయ్యేళ్ళ పైన టైముంది. తొందరేముంది?

‘ఓర్పే నా బలం’ అనేవాళ్ళకు వేరే సలహా. మన తెలుగువాళ్ళలో ఈ రకం ఎక్కువ. ఊళ్ళో చెరువు గట్టున బెండు కట్టిన గాలం వేసి, ఎర్ర గుచ్చి, చింతచెట్టు నీడన బీడీ వెలిగించుకున్న తాతను చూసి పెరిగినవాళ్ళం. చేపలు పట్టడమంటే కూర్చోవడమే అని మన నరాల్లో ఉంది. ఆ చెరువులో ఆ తాతకది సరిపోయింది, ఎందుకంటే అక్కడ చేప తిరుగుతూ తిరుగుతూ ఎర దగ్గరికి వచ్చేది. బాస్ సంగతి వేరు. అది మొద్దు చాటునో, బోట్లు కట్టే డాక్ నీడనో, నాచు అంచునో మాటు వేసుకుని కూర్చుంటుంది. మూతి ముందుకి వచ్చినదాన్నే అందుకుంటుంది. అది ఉన్నచోటికి మనమే వెతుక్కుంటూ పోవాలి. కానీ వెతకడం మొదలుపెడితే ఓర్పుకి భంగం కదా. అందుకని నచ్చిన చోట లంగరు వేసి, చేప లేని నీళ్ళలో నాలుగు గంటలు నిశ్చలంగా ఉండండి. సాయంత్రం ఇంటికెళ్ళి ‘మనకి ఓర్పు ముఖ్యం’ అని పిల్లలకు చెప్పండి.

ఓర్పు లేనివాళ్ళు దిగులు పడనక్కర్లేదు. నాలుగు విసుర్లకొక ఎర మార్చండి. పెట్టెలో ఉన్న ప్రతి రంగుకీ న్యాయం జరగాలి. రోజు మొత్తమ్మీద ఎర నీళ్ళలో ఉన్న సమయం కంటే మీ చేతుల్లో ముడి వేయించుకుంటూ ఉన్న సమయం ఎక్కువైతే మీరు సరైన దారిలో ఉన్నట్టే. పైగా ఏ రంగు పనిచేయలేదో చెప్పమంటే పొడుగాటి జాబితా చదవొచ్చు.

ఇప్పుడు బలహీనతలకు వద్దాం. బెయిట్‌కాస్టర్ రీల్‌తో మొదలుపెడతాను, ఎక్కువమంది అహంకారం అణిగేది దాని దగ్గరే. విసిరిన ఎర గాలికి ఎదురెళ్ళి నెమ్మదిస్తుంది. లోపల స్పూల్‌కి ఆ కబురు అందదు, అది మొదటి వేగంతోనే తిరుగుతుంటుంది. బయటికి పోవలసిన లైను లోపలే ఉబ్బుతుంది. చుట్ట కిందకి చుట్ట దూరి, క్షణంలో రీల్ నోట్లోంచి పిచ్చుక గూడు బయటికి వస్తుంది. విసిరే ముందు బ్రేకు సరిచేసుకుని, ఎర నీళ్ళను తాకే లోపే బొటనవేలితో స్పూల్‌ని ఆపితే ఇది రాదు. వచ్చినా, చిక్కు మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి, హ్యాండిల్ రెండు మూడు చుట్లు తిప్పి, మెల్లగా లైను లాగితే చాలాసార్లు విడిపోతుంది. కానీ ఇదంతా వేలికి అలవాటు కావాలంటే ఎన్నో సాయంత్రాలు ఇంటి వెనక గడ్డి మీద ఉత్త బరువు కట్టుకుని విసురుతూ ఉండాలి. పక్కింటివాళ్ళు చూస్తారు. అంతకంటే కత్తెరతో లైను కోసేసి, ‘ఈ కంపెనీ రీళ్ళు ఇంతే’ అని ఇంకో వంద డాలర్లు ఎక్కువ పెట్టి ఇంకోటి కొనడం మర్యాదైన పని. కొత్త రీల్‌కి మీ పాత బొటనవేలే వస్తుందన్న విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు.

స్పిన్నింగ్ రాడ్‌ని ఎప్పుడూ చిన్నచూపు చూడండి. సన్న లైను, నాలుగంగుళాల ప్లాస్టిక్ వార్ము, కొక్కెం పైన, అడుగు దిగువన బరువు: దీన్ని డ్రాప్‌షాట్ అంటారు. జపాన్ నుంచి కాలిఫోర్నియాకి, అక్కడినుంచి మిగతా అమెరికాకి పాకింది. ఎర ఉన్నచోటే ఉండి వణుకుతుంది. చలిగాలి దాటిపోయిన మర్నాడు, చేపలు మొద్దులకు అంటుకుపోయి కదలనప్పుడు, ఇలాంటి నెమ్మది విద్యే పని చేస్తుంది. అందుకే మీరు దాన్ని ‘పిల్లల ఆట’ అనాలి. బోటు ముందు భాగంలో నిలబడి మీరు పెద్ద క్రాంక్‌బైట్ విసురుతుంటే వెనక కూర్చున్న బావమరిది డ్రాప్‌షాట్ దింపుతాడు.

“బావగారూ, ఇంకోటి పడింది.”

“చిన్నదేగా.”

“మూడు పౌన్లుంటుందండీ. మీరూ ఒకసారి దింపి చూడకూడదూ? రెండో రాడ్ కట్టే ఉంది.”

“నా స్టైలు అది కాదురా.”

ఈ ఆఖరి వాక్యాన్ని కంఠతా పట్టండి. బలహీనతను బలంగా మార్చడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. చేతకానిది ఏదైనా సరే, జిగ్ అనే ఎర కావచ్చు, లోతు నీళ్ళు కావచ్చు, గాలిలో బోటు నిలపడం కావచ్చు, ‘నా స్టైలు కాదు’ అన్న మరుక్షణం అది అభిరుచి అయిపోతుంది.

కప్ప ఎర దగ్గర మాత్రం మన తెలుగువాళ్ళు సాకు చెప్పడం కష్టం. చిన్నప్పుడు కొరమీనుకి కప్పను గుచ్చి వేసినవాళ్ళు ఉంటారు కదా. ఇక్కడ రబ్బరు కప్ప, తామరాకుల మీద గెంతించాలి, మిగతా కథ దాదాపు అదే. ఆకుల కింద నీరు ఉబ్బుతుంది, భళ్ళున పేలుతుంది, కప్ప మాయమవుతుంది. ఆ పేలుడు చూశాక ఒక్క క్షణం ఆగి, లైను బిగిసి బరువు చేతికి తెలిసాక గట్టిగా లాగాలి. ఎందుకంటే చాలాసార్లు చేప మొదటి దెబ్బకి కప్పను నోట్లోకి పూర్తిగా తీసుకోదు. ఆగడం మీ స్వభావం కాదు గనక శబ్దం వినగానే రెండు చేతులతో లాగేయండి. కప్ప గాల్లో ఎగిరొచ్చి మీ టోపీని కొడుతుంది. ‘పట్టు సరిగ్గా పట్టలేదు చేప’ అనండి. అది నిజమే కూడాను, పట్టుకునే వ్యవధి మీరివ్వలేదు.

ముడులు. ముడి బిగించేముందు ఉమ్మి రాసి తడపమంటారు, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లైను దెబ్బ తింటుందని. మీరు పొడిగానే బిగించండి. పెద్ద చేప తెంపుకుపోయాక చేయవలసిన పని మాత్రం ఇంకా ముఖ్యం: లైను చివర చూడకండి. అది పందిపిల్ల తోకలా మెలితిరిగి ఉంటే ముడి జారిందని అర్థం, అంటే తప్పు మీది. గరుకుగా చీకిపోయి ఉంటే రాయికో మొద్దుకో రాసుకుంది, లైను అప్పుడప్పుడు వేళ్ళతో తడిమి చూడనందుకు మళ్ళీ తప్పు మీదే. కాబట్టి ఎవరూ చూడకముందే ఆ చివరి రెండంగుళాలు కత్తిరించి జేబులో వేసుకోండి. ‘పది పౌన్లు ఉంటుంది’ అనండి. తెగిపోయిన చేప ఎప్పుడూ పది పౌన్లే.

ఇంకా అనుమానాలు మిగిలితే డబ్బుతో తీర్చుకోండి. 2018లో లైవ్‌స్కోప్ అనే సోనార్ వచ్చింది. ట్రోలింగ్ మోటార్‌కి బిగిస్తే బోటు ముందున్న చేపలు తెర మీద ఈదుతూ కనిపిస్తాయి, మీ ఎర దిగడం కూడా కనిపిస్తుంది. మేజర్ లీగ్ ఫిషింగ్ వాళ్ళ బాస్ ప్రో టూర్‌లో 2025లో రోజులోని మూడు పీరియడ్లలో ఒక్కదాంట్లోనే దీన్ని వాడనిచ్చారు, అంత పదునైనది. కొత్తవాళ్ళకు దీనివల్ల ఒక విశేష లాభం ఉంది. ఇదివరకు చేప లేదని సరిపెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు చేప ఎర దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరగడం కళ్ళారా చూడొచ్చు.

సాధన గురించి ఒక దుష్ప్రచారం జరుగుతోంది. రానిదాన్ని నేర్చుకోవాలంటే వచ్చిన రాడ్లన్నీ ఇంట్లో వదిలేసి, రాని ఎర ఒక్కటే పట్టుకుని వెళ్ళమంటారు. వేరే దారి లేకపోతే మనిషి దాంతోనే కుస్తీ పడతాడు, సాయంత్రానికి దాని తగులు ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది అంటారు. నేను దీనికి పూర్తి వ్యతిరేకిని. బోటు డెక్ మీద పదకొండు రాడ్లు పరచండి. కొత్త జిగ్‌ని ముచ్చటగా మూడుసార్లు వేసి, చేప పడకపోతే వెంటనే స్పిన్నర్‌బైట్ అందుకోండి. ‘జిగ్ ట్రై చేశాను, ఇక్కడ పనిచేయదు’ అని మనస్ఫూర్తిగా చెప్పుకోవచ్చు.

అయినా సాధనతో పనేముంది? 1932 జూన్ 2న జార్జియాలో, మాంట్‌గోమరీ లేక్‌లో, జార్జ్ పెర్రీ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు 22 పౌన్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. స్నేహితుడితో కలిసి ఒకే రాడ్‌ని వంతులేసుకుని విసిరారని చెబుతారు. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్ళి వండుకుని తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత పట్టిన చేప దానికంటే ఒక ఔన్సు లోపే ఎక్కువ తూగింది. రికార్డు దాటాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉండాలన్న నిబంధన వల్ల ఇద్దరూ సమానమయ్యారు. చూశారా, ఒక్క రాడ్, ఒక్క ఎర, ప్రపంచ రికార్డు! అది మహా మాంద్యం నాటి పల్లె అనీ, పెర్రీ ఇంట్లోవాళ్ళ తిండి కోసం పట్టేవాడనీ, పూట గడవడానికి వేటాడేవాడికి నీళ్ళు ఎంత క్షుణ్ణంగా తెలిసి ఉంటాయో అనీ ఎవరైనా సాగదీస్తే మాట మార్చండి.

డైరీ రాయకండి. తేదీ, నీటి వేడి, గాలి, ఏ చోట, ఏ ఎర అని రాసుకుంటే రెండేళ్ళలో మీ గురించి మీకే తెలియకూడనివి తెలుస్తాయి.

ఇక మిగిలింది ఇల్లు. ఖాళీ కూలర్ దింపుతుంటే ‘ఏవండీ, చేపేదీ?’ అన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు రే స్కాట్ ఎప్పుడో సిద్ధం చేసి పెట్టాడు. బాస్ వేట టోర్నమెంట్లకు అంకురార్పణ చేసిన ఆయన 1972లో, తూకం వేశాక చేపను బతికుండగానే వదిలేసే పద్ధతిని తన పోటీల్లోకి తెచ్చాడు. చెరువులకు మేలు చేద్దామనే తెచ్చాడు, మన పరువుకి అంతకంటే ఎక్కువ మేలు జరిగింది. ‘వదిలేశాను’ అనండి. ఎంత పెద్దదని అడిగితే కంగారు పడి నోటికొచ్చింది చెప్పకండి. లేక్ ఫోర్క్‌లో పదహారు అంగుళాలకూ ఇరవై నాలుగు అంగుళాలకూ మధ్యనున్న బాస్‌ని ఇంటికి తేవడం చట్టప్రకారం కుదరదు. పదిహేను అన్నారంటే పులుసుకి తేలేదేం అంటారు. ఇరవై అయిదు అన్నారంటే, అలాంటిది రోజుకొకటి ఉంచుకోవచ్చని తెలిసినవాడు ఆ వీధిలో ఒకడుంటాడు. ఇరవై మూడు అనండి.