క్రెటానా, సెల్టాసా?

హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టాస్ అనేవి ఒక ఇంట్లో ఆరు నెలలపాటు గొడవ నడపడానికి సరిపడా పోలికలున్న రెండు కార్లు. క్రెటా 2015 జూలైలో మన దేశపు రోడ్డెక్కింది. 2019 ఆగస్టులో సెల్టాస్ వచ్చి దానికి ఎదురు నిలిచింది. ధర రెంటికీ దాదాపు 11 లక్షల దగ్గర మొదలై 20 లక్షల దాకా పాకుతుంది. కొనదలచినవారు వీటిని బద్ధశత్రువులనుకుని లెక్కలు మొదలుపెడతారు. నిజానికి ఇవి దాయాదులు.

వయసులో కియాయే పెద్దది. 1944లో సైకిల్ విడిభాగాలు చేస్తూ మొదలైంది. హ్యుందాయ్ మోటార్ పుట్టింది 1967లో. ఆసియా ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన 1997లో కియా దివాలా తీసింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ దాన్ని చేరదీసి, పెత్తనం తన చేతిలో పెట్టుకుంది. అప్పటినుంచి వంట ఒకచోటే, విస్తళ్లు మాత్రం వేరు. 1497 సీసీ పెట్రోలు ఇంజను, 115 పీఎస్: ఇందులోనూ అదే, అందులోనూ అదే. 1493 సీసీ డీజిలు, 116 పీఎస్: అదీ అంతే. 160 పీఎస్ టర్బోకూ తేడా లేదు. 2023లో ముస్తాబైన సెల్టాస్‌నూ 2024లో ముస్తాబైన క్రెటానూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఇరుసుల మధ్య దూరం రెంటికీ 2610 మిల్లీమీటర్లు, డిక్కీ 433 లీటర్లు, ట్యాంకు 50 లీటర్లు. ‘దీని ఇంజను నునుపు, దానిది మొరటు’ అని తేల్చి చెప్పే అనుభవజ్ఞులు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారికి ఈ సంగతి చెప్పకపోవడమే మర్యాద.

తేడాలు లేకపోలేదు. ఆ సెల్టాస్ పొడవు 4365, ఆ క్రెటాది 4330. ఈ 35 మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్ల వెడల్పు, పట్టుకుని ‘రోడ్డు మీద సెల్టాస్ నిండుగా కనబడుతుంది’ అనే సిద్ధాంతం ఒకటి పుట్టింది. వెడల్పులో తేడా 10 మిల్లీమీటర్లు. దీని ఆధారంగా వెనక సీట్లో ముగ్గురు ఎందులో బాగా పడతారనే చర్చ జరుగుతుంది. ఆ ముగ్గురిలో ఒకరు మేనత్త అయితే 10 మిల్లీమీటర్లతో ఒరిగేదేమీ ఉండదు.

ఈ తరగతిని కాంపాక్ట్ ఎస్‌యూవీ అంటారు. సర్కారు మాత్రం ఆ మాట ఒప్పుకోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న జీఎస్టీ ప్రకారం చిన్న కారంటే పొడవు 4 మీటర్లు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. అలాంటి వాటికి పన్ను 18 శాతం. గీత దాటితే 40. క్రెటా ఆ గీతను మూరెడు కూడా దాటలేదు, అయినా దాటినట్టే. దానిమీద లైఫ్ ట్యాక్స్ ఉంది. ధర పెరిగేకొద్దీ దాని శాతమూ పెరుగుతుంది. కాబట్టి పేపర్లో వేసిన ఎక్స్‌షోరూమ్ ధర చూసి ఇంటికి ఫోన్ చేసిన మనిషి, ఆన్‌రోడ్ ధర విన్నాక కాసేపు ఫోన్ ఎత్తడు.

తెలుగువారి విషయంలో ఎంపికకు అదనంగా ఒక చిక్కు ఉంది. క్రెటా తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు దగ్గర తయారవుతుంది. సెల్టాస్‌ది పెనుకొండ దగ్గరి ఎర్రమంచి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న పెనుకొండే ఇది. కియాతోపాటు కొరియన్లు వచ్చాక ఆ చుట్టుపక్కల కొరియన్ భోజన హోటళ్లు కూడా వెలిశాయి. దీంతో ‘మన అనంతపురం కారు’ అనే వాదన బలంగా వినిపించేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అనంతపురంవారు ఆ ముక్క పట్టించుకోకుండా ఇప్పటికీ అదే మాట అంటున్నారు. ఈ అభిమానం ధర తగ్గించడానికి పనికిరాదు. ఫ్యాక్టరీ గేటుకు ఎదురింట్లో ఉన్నవాడు కూడా లైఫ్ ట్యాక్స్ కట్టవలసిందే.

ఏ కారన్నది తేలినా, దానిలో ఏ రకమన్నది తేలదు. క్రెటాకు ఈ, ఈఎక్స్, ఎస్, ఎస్ఎక్స్. వాటిలో కొన్నిటికి బ్రాకెట్లో ఓ. సెల్టాస్‌కు హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్. 2023 సెల్టాస్‌లో వాటిలో కొన్నిటికి వెనక ప్లస్ కూడా ఉండేది. ఈ అక్షరాలు గుర్తుపెట్టుకోవడం కొనేవారి వల్ల కాదు, గుర్తుంచుకునేది షోరూమ్ కుర్రాడొక్కడే. అతని చేతిలో ఉండే అస్త్రం ‘ఇంకో లక్ష’. అడుగునున్న రకానికి అలాయ్ వీల్స్ ఉండవు. ఇంకో లక్ష వేస్తే వస్తాయి. అక్కడిదాకా వచ్చినవారు ఇంకో లక్ష వేస్తే సన్‌రూఫ్ వస్తుంది. సన్‌రూఫ్ ఉండీ సీట్లకు చల్లగాలి లేకపోతే ఏం బాగుంటుంది? ఇలా 11 లక్షల బడ్జెట్‌తో గుమ్మం ఎక్కిన కుటుంబం కాఫీ తాగే లోపు 17 లక్షల దగ్గర తేలుతుంది. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి మెట్టూ వాళ్లంతట వాళ్లే ఎక్కారు.

సన్‌రూఫ్ గురించి విడిగా చెప్పుకోవాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నెత్తిమీద గాజు కప్పు వల్ల లాభమేమిటని తర్కం అడుగుతుంది. పిల్లలు తర్కాన్ని అడగరు. కనుక సన్‌రూఫ్ ఉన్న రకమే కొని, దాని తెర మూసి ఉంచుతారు.

అసలు నిర్ణయం జరిగేది బంధువుల సభలో. ఇందులో మామగారికి మైలేజీ కావాలి. బావమరిదికి పికప్ కావాలి. అమ్మకు ఎక్కడానికి మెట్టు ఎత్తుగా ఉండకూడదు. ఊళ్లోనుంచి వచ్చిన పెదనాన్నకు అంబాసిడర్ తర్వాత వచ్చినవేవీ కార్లు కావు. వీరందరికంటే గొప్ప ప్రభావం చూపేది సభకు రానివాడు, తోడల్లుడు. ఆయన దగ్గర క్రెటా ఉంటే సెల్టాస్ తప్ప గతిలేదు. ఆయనా తెలుపు, ఈయనా తెలుపు అయితే పెళ్లిళ్లలో ఇబ్బంది. ఆయన డీజిల్ తీసుకుంటే పెట్రోలు గుణగణాలు హఠాత్తుగా కళ్లముందు నిలుస్తాయి. ‘అన్నయ్యగారూ, మీ బండి ఎలా ఉంది?’ అని ఆయన్నే అడిగే ధైర్యం కొందరికి ఉంటుంది. ఆయన ‘అద్భుతం’ అంటాడు. కారు కొన్న ఏ మనిషీ వేరే జవాబు చెప్పిన దాఖలా లేదు.

డీజిలా పెట్రోలా అన్నదానికి పాత సూత్రం నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నదే. అయితే మన ఇళ్లలో కారును కొలిచేది నెలవారీ తిరుగుడుతో కాదు, ఏడాదికోసారి తిరుమల ఘాట్ రోడ్డుతో. ఆఫీసుకు రానూపోనూ 12 కిలోమీటర్ల మనిషి ఆ ఒక్క ఎక్కుడు కోసం 250 ఎన్ఎం టార్క్ ఉన్న డీజిల్ తీసుకుంటాడు. అలిపిరి తనిఖీ దగ్గర రెండు కార్లూ ఒకే వరుసలో నిలబడతాయి. టర్బోకు జతచేసే డీసీటీ గేరుపెట్టె హైవే మీద మెరుపులా పనిచేస్తుంది. హైటెక్ సిటీ సాయంత్రాల్లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు మాత్రం ఆ రకం పొడి క్లచ్‌లు వేడెక్కుతాయి. యజమాని అప్పటికే వేడెక్కి ఉంటాడు.

భద్రతలోనూ దాయాదులు పంతం వదల్లేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు 2020లో సెల్టాస్‌ను, 2022లో క్రెటాను గోడకు గుద్దించి చూసి, పెద్దల రక్షణకు చెరి మూడు నక్షత్రాలు ఇచ్చారు. అప్పట్లో గుద్దించినవి రెండేసి ఎయిర్‌బ్యాగుల బళ్లు. తర్వాత రెండూ ఆరింటికి చేరాయి. షోరూమ్‌లో ఈ నక్షత్రాల గురించి అడిగేవారు కొద్దిమంది. కొనేవారి జన్మ నక్షత్రానికి డెలివరీ రోజు సరిపడిందా అని పంచాంగం తీసేవారు ఎక్కువ.

టెస్ట్ డ్రైవ్ అంటే ముందు సీట్లో షోరూమ్ మనిషిని, వెనక ముగ్గురు సలహాదారులను కూర్చోబెట్టుకుని ఎడమకు తిరిగి, యూటర్న్ కొట్టి వెనక్కి రావడం. వేగం 40 దాటదు. దీన్నిబట్టి సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, రీసేల్ విలువ తేల్చేస్తారు.

ఆ తర్వాత కాలనిర్ణయం. ఆషాఢంలో షోరూములు డిస్కౌంటు ఇస్తాయి, ఇళ్లవారు కారు తేరు. ఈ ప్రతిష్టంభనకు ప్రజలే పరిష్కారం కనిపెట్టారు. ఆషాఢం ధరకు బుక్ చేసి, శ్రావణంలో ఇంటికి తెచ్చుకుంటారు. మూఢం అడ్డొస్తే పురోహితుడు ఒక దారి చూపిస్తాడు. రిజిస్ట్రేషన్‌కు అంకెల మొత్తం తొమ్మిది రావాలి. వేలంలో అందకపోతే ఎనిమిది రాకుండా చూసుకుంటారు. చివరికి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు కదిలిస్తారు. ఈ ఒక్క విషయంలో ఏ కారు మేలన్న ప్రశ్న ఎవరూ లేవనెత్తలేదు.

ఇక మిగిలేది కొన్న తర్వాతి దశ. పెద్ద గాజు కప్పు లేదని 2022లో సెల్టాస్‌ను కాదని క్రెటా తెచ్చుకున్నవారి ముందుకు, 2023 జూలైలో అదే గాజు కప్పుతో, పైగా డ్రైవరుకు సాయపడే ఏడీఏఎస్‌తో సెల్టాస్ వచ్చి నిలబడింది. ఆ ఏడాది దసరాకు దాన్ని కొన్నవారికి 2024 జనవరిలో కొత్త ముఖంతో క్రెటా ఎదురైంది. ఏ కంపెనీ మార్పు తెచ్చినా ఆ వివరాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పడానికి తోడల్లుడు భోజనానికి వస్తాడు.