సామానుతో పాటు నేనూ

నేను పిల్లిని. ఒళ్లంతా బూడిదరంగు చారలు, తోక చివర నలుపు. పుట్టింది రాజమండ్రి దానవాయిపేటలో, ఒక పెంకుటింటి అటక మీద. కళ్లు తెరవకముందే మా అమ్మ మమ్మల్ని నోట కరుచుకుని ఏడిళ్లూ తిప్పింది. అటక మీంచి కట్టెల కొట్టంలోకి, అక్కణ్నుంచి పక్కవాళ్ల గోనెసంచుల్లోకి. ఎక్కడికి తిప్పినా అమ్మ వాసన మాతోనే ఉండేది. అదెంత పెద్ద అండో హైదరాబాదు వచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు.

నన్ను పెంచిన ఇంట్లో నాన్నగారికి బదిలీ అయింది. నిజాంపేటలో ఐదో అంతస్తు ఫ్లాటు అద్దెకు దొరికింది. సామాన్లు సర్దుతున్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: “కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. దాన్నిక్కడే వదిలేయండి, ఎలాగో బతుకుతుంది.”

ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. తాళం వేసిన ఇంటిని నమ్ముకుని ఏం తినను? పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర పెరుగన్నం కలిపి పెట్టే చెయ్యి లేకపోయాక ఆ ఇంట్లో నాకేముంది? పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేసి పోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. మామ్మకు చట్టాలు తెలియవు. “అది రాకపోతే నేనూ రానురా” అంది కొడుకుతో. అంతటితో ఆ చర్చ ముగిసింది.

దారిలో వాంతి చేసుకోకూడదని రాత్రి నుంచీ నాకు తిండి పెట్టలేదు. రెండు ప్లాస్టిక్ కూరగాయల బుట్టల్ని ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టారు. లోపల మామ్మ విడిచిన నేతచీర, ఉతకనిది, పరిచారు. ఏలూరు దాటేదాకా అరుస్తూనే ఉన్నాను. బెజవాడ వచ్చేసరికి గొంతు పోయింది. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు నాన్నగారు జాలిపడి తాడు విప్పబోతే, చిన్నమ్మాయి బుట్టను ఒళ్లోకి లాక్కుంది. “వద్దు నాన్నా, బెదిరి పారిపోతే మళ్లీ దొరకదు.”

కొత్త ఇంట్లో నన్ను భయపెట్టింది ఎత్తూ కాదు, లిఫ్టు చప్పుడూ కాదు. ఏ మూల ముక్కు పెట్టినా ఫినాయిల్ ఘాటే. మీరు ఇంటిని కళ్లతో గుర్తుపడతారు, మేం ముక్కుతో. మా బుగ్గల్లో, గడ్డం కింద, అరికాళ్లలో వాసన గ్రంథులుంటాయి. తలుపు అంచుకో, కుర్చీ కాలికో బుగ్గ రుద్దామంటే అది మాదని రాసుకున్నట్టు. ఏళ్ల తరబడి నేను రాసుకున్నదంతా దానవాయిపేటలోనే ఉండిపోయింది. పైగా ఆ ఘాటు మాకు విషం. ఫినాయిల్ రకాల్లో చాలావాటిలో ఉండే ఫినాల్‌ను మా కాలేయం సరిగా విరిచెయ్యలేదు. తుడిచిన నేల మీద నడుస్తాం, తర్వాత పాదాలు నాక్కుంటాం, మందు కడుపులోకి పోతుంది. పశువుల డాక్టరు ఫోన్లో ఈ సంగతి చెప్పగానే మామ్మ ఆ సీసా తీయించేసి, మామూలు నీళ్లతో ఇల్లంతా మళ్లీ తుడిపించింది.

నాకు ఇల్లంతా ఒకేసారి చూపించలేదు. అదీ డాక్టరు సలహానే. మామ్మ పడుకునే చిన్నగది ఒక్కటే ఇచ్చారు. ఒక మూల ఇసుక తొట్టి, దానికి దూరంగా అన్నం గిన్నె, బీరువా వెనక అదే నేతచీర. నేను బీరువా వెనకే ఉండిపోయాను. ఎవరూ చెయ్యి పెట్టి లాగలేదు. చిన్నమ్మాయి నేల మీద కూర్చుని తన పాఠాలు చదువుకునేది, నా వైపు చూసేది కూడా కాదు. ఆ చూడకపోవడమే నాకు ధైర్యం. రాత్రి దీపాలార్పాక బయటికొచ్చి గది నాలుగు మూలలూ వాసన చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మెత్తటి గుడ్డతో నా బుగ్గలు నిమిరింది. ఆ గుడ్డనే తీసుకెళ్లి హాల్లో తలుపు చెక్కలకు, సోఫా అంచులకు, సరిగ్గా నా ముక్కు అందే ఎత్తులో రుద్దింది. తర్వాత గది తలుపు తీస్తే, నేను అడుగు పెట్టకముందే హాల్లో నా వాసన ఉంది! తోక నిలబెట్టి నడిచాను. వంటింట్లో పాలు కాగుతున్నాయి. మామ్మ కాళ్లకు ఒళ్లు రాసుకుంటే, “వచ్చావా తల్లీ” అంటూ కళ్లు తుడుచుకుంది.

బాల్కనీకి మాత్రం వల బిగించేదాకా నన్ను వెళ్లనివ్వలేదు. పిల్లి ఎక్కణ్నుంచి పడినా కాళ్ల మీదే పడుతుందని ధీమాగా ఉండేవాళ్లు ఆగి వినాలి. న్యూయార్క్‌లో మేడల మీంచి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల గురించి అక్కడి పశువైద్యులు 1987లో రాశారు. వైద్యం అందినవాటిలో నూటికి 90 బతికాయి గానీ, ఎక్కువవాటికి ఛాతీకి గట్టి దెబ్బలే తగిలాయి. రెయిలింగు మీద పావురం వాలితే నేనూ ఆగలేను. అందుకే వల.

అపార్ట్‌మెంటు సంఘంలో ఒకాయన వచ్చి, ఇక్కడ జంతువుల్ని పెంచడానికి వీల్లేదన్నారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను నాన్నగారు ఆయన ముందు పెట్టారు. పెంపుడు జంతువుల్ని సంఘాలు నిషేధించకూడదని, లిఫ్టు ఎక్కనివ్వబోమని అనకూడదని అందులో ఉంది. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చూసుకోవాల్సిన బాధ్యత పెంచేవాళ్లదనీ ఉంది. అదీ న్యాయమే. మామ్మ రోజూ నా తొట్టి తనే శుభ్రం చేస్తుంది.

పక్క బ్లాకువాళ్లు వచ్చే నెల బెంగళూరు వెళ్లిపోతున్నారట. వాళ్లకో తెల్లపిల్లి ఉంది. దాన్నిక్కడే వదిలేద్దామనుకుంటున్నారని తెలిసి చిన్నమ్మాయి నిన్న వెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చింది. వాళ్లింకా ఏమీ తేల్చలేదు. ఇవాళ మామ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్తానంటోంది.