సీటొచ్చాక పుట్టే భక్తి

మన తల్లిదండ్రుల సెక్యులరిజానికి అడ్మిషన్ల సీజన్లో ఒక రంగు, పండగల సీజన్లో ఇంకో రంగు. ఎల్‌కేజీ సీటు కోసం తెల్లవారుజామునే కాన్వెంటు ముందు లైన్లో నిలబడ్డ నాన్నగారికి గేటు మీది శిలువ కనబడదు. డిసెంబరుకల్లా చూపు బాగుపడుతుంది. పిల్లాడు ఇంటికొచ్చి క్యారల్ పాడాడో లేదో, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ధర్మం ప్రమాదంలో పడుతుంది.

వసంత పంచమికి బడిలో సామూహిక అక్షరాభ్యాసమంటే మాత్రం ఆయనే పట్టుపంచె కట్టుకుని ముందు వరసలో కూర్చుంటారు. అది మతం కాదట, సంప్రదాయమట!

అటువైపు వాళ్ళేం తక్కువ తినలేదు. పాపకు కుంకుమ పెట్టారని హెడ్మాస్టర్ని నిలదీసే అమ్మగారు, క్లాసంతా బైబిలు వచనం బట్టీ పడితే "నీతిబోధే కదండీ" అంటారు. రంజాన్ నెలలో బడి త్వరగా వదలమనే పెద్దాయనకు అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాడి నల్లచొక్కా చూడగానే యూనిఫాం గుర్తొస్తుంది.

యాజమాన్యాలు తెలివైనవి. ఒకే పిల్లాడికి ఆగస్టులో నెమలిపింఛం, డిసెంబరులో దూదిగడ్డం, రంజానుకి తెల్లటోపీ పెట్టి, మూడు ఫొటోలూ బ్రోచర్లో వేసేస్తాయి. సర్వమత సమానత్వం సిద్ధం. వేషాల అద్దె మనదే.

రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో మైనరు పిల్లల్ని మతబోధకో ప్రార్థనకో కూర్చోబెట్టాలంటే పెద్దల సమ్మతి కావాలి. అంటే అధికారమంతా మన సంతకానిదే. ఆ సంతకాన్ని మనం ఫారం చదవకుండానే గీకేస్తాం.

1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలపలేదు. బడి వెళ్ళగొట్టింది. 1986లో సుప్రీంకోర్టు మళ్ళీ చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. తమని పాడమనొద్దన్నదే ఆ పిల్లల గోడు. మిగతావాళ్ళు పాడకూడదని కాదు. అదే మన గ్రూపుకి అప్పగించి ఉంటే, బడి మొత్తం నోరు మూసుకునేదాకా ఊరుకునేది కాదు.

కనక యాజమాన్యాలకు నాదో మనవి. అడ్మిషన్ ఫారంలో ఒక గడి పెంచండి: "మా బిడ్డ ఫలానా ప్రార్థనలో కూర్చోదు." ఎంతమంది టిక్కు పెడతారో చూద్దాం. సీటు పోతుందన్న భయానికి ఎదురు నిలిచే భక్తి ఏ మతంలోనూ దొరకదని నా ధీమా.