కంటి కింద చేపల పులుసు

స్కిన్ క్లినిక్కుల శ్రావణ మాసం ఆఫర్ ఈ ఆదివారంతో ఆఖరట. ఆ రీలు మీ ఫోన్లోనూ పడే ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం నాటికి కళ్ల కింద ముడతలు మాయం. తోడుగా అత్తగారిని తీసుకొస్తే ఇద్దరికీ కన్సల్టేషన్ ఉచితం. అత్తాకోడళ్లని గొడవ లేకుండా ఒకే సోఫాలో కూర్చోబెట్టడం మన టీవీ సీరియళ్ల వల్ల ఇన్నేళ్లుగా కాలేదు. జూబ్లీహిల్స్ స్కిన్ క్లినిక్కులు ఒక్క రీలుతో సాధించేశాయి. ఇదివరకు పేరంటానికి వచ్చినవాళ్లు పట్టుచీర అంచు చూసేవారు, మెడలో కొత్తగా ఏం పడిందో చూసేవారు, వాయనంలో శనగలు దోసెడు పోశారా గుప్పెడు పోశారా చూసేవారు. ఇకమీదట కళ్ల కింద చూస్తారట. రీలులో అమ్మాయి చెప్పింది. ఆ పిల్లకి నిండా ఇరవై రెండేళ్లుండవు. ఆమె కంటి కింద ముడత పడాలంటే ఎవరైనా పూనుకుని చేత్తో నలపాలి.

"మీకు తగిన ట్రీట్‌మెంట్ మీరే ఎంచుకోండి" అని కింద ఒక పట్టిక. బోటాక్స్, ఫిల్లర్, పీఆర్పీ, థ్రెడ్స్, లేజర్, ఆర్ఎఫ్ మైక్రోనీడ్లింగ్, ఈ సీజన్‌కి కొత్తగా సాల్మన్ డీఎన్ఏ. ఎంచుకునే స్వేచ్ఛ అంటే ఇదీ. ఆ పట్టికలో లేనిదల్లా ఒక్కటే, ఏమీ చేయించుకోకుండా ఇంటికెళ్లిపోవడం. దానికి ఈఎమ్ఐ కుదరదు కాబట్టి వదిలేసినట్టున్నారు.

అన్నిటి గురించీ రాసే ఓపిక నాకు లేదు. పీఆర్పీ అంటే మన రక్తం మన దగ్గరే తీసి, గిరగిరా తిప్పి, మనకే పొడిచి, మనకే బిల్లు వేయడం. అమెరికాలో, న్యూ మెక్సికోలో ఒక లైసెన్సు లేని స్పాలో ఈ 'వ్యాంపైర్ ఫేషియల్' చేయించుకున్న ఆడవాళ్లకి హెచ్ఐవీ సోకిందని అక్కడి సీడీసీ 2024లో బయటపెట్టింది. థ్రెడ్స్ అంటే ముఖానికి కుట్టుపని. ఇక కళ్ల కింద పూసుకోమని అమ్మే కెఫీన్ రోలాన్ సంగతి: కాఫీ ఎక్కువైతే నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే కళ్లు ఉబ్బుతాయి, ఉబ్బితే మళ్లీ కాఫీయే పూయాలి.

నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది మాత్రం సాల్మన్.

కిమ్ కర్దాషియన్ ముఖానికి వేయించుకుందని తెలిసిన దగ్గర్నుంచి మన ఊళ్లోనూ మొదలైంది. చమ్ సాల్మన్, రెయిన్‌బో ట్రౌట్ అనే చేపల్లో మగవాటి వీర్యం తీసి, అందులోంచి డీఎన్ఏ వేరుచేసి, ముక్కలు కొట్టి, శుద్ధి చేసి, పీడీఆర్ఎన్ అని పేరు పెట్టి, సిరంజిలో నింపి కంటి కింద పొడుస్తారు. ఒళ్లంతటిలోకీ పల్చటి చర్మం అక్కడిదే, అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. మూడు నాలుగు సిట్టింగులు, మధ్యలో కొన్నేసి వారాల ఎడం. కొరియా వాళ్ల సరుకు. గాయాలు మానడానికి ఈ మందు సాయపడుతుందని కొన్ని అధ్యయనాలున్నాయి, కాదనను. ముడతల మీద జరిగినవి చిన్న చిన్నవి. అమెరికా ఎఫ్‌డీఏ చర్మంలోకి ఈ ఇంజెక్షన్ పొడవడానికి ఇంతవరకు ఆమోదం ఇవ్వలేదు. అయినా క్లినిక్ గోడ మీద మాత్రం "మీ డీఎన్ఏని రిపేర్ చేస్తుంది" అని అడుగెత్తు అక్షరాలు.

అయ్యా, చేప డీఎన్ఏ మన డీఎన్ఏలో అతుక్కోదు. ఒంట్లోకి వెళ్లాక అది ఇంకా చిన్న ముక్కలైపోతుంది, అంతే. చేప డీఎన్ఏకే అంత మహిమ ఉంటే, తరతరాలుగా పులస తింటున్న మా కోనసీమ లంకల వాళ్లకి ఈపాటికి మొప్పలు మొలిచి, గోదావరి పొంగినప్పుడల్లా పడవ కోసం ఎదురుచూసే బాధ తప్పిపోయేది.

పులస మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మా వాళ్లు. తిన్నారు కూడా. ఎర్రనీళ్లు వచ్చినప్పుడు యానాంలోనో ధవళేశ్వరం దగ్గరో వేలకు వేలు పోసి కొని, బెండకాయలు వేసి, మట్టికుండలో సన్నసెగ మీద పులుసు పెట్టి, ఆ పూట మూత తియ్యనివ్వకుండా మర్నాడు తిన్నారు. ఆ ఖర్చుకి ఒక అర్థముంది, నాలిక్కి తెలుస్తుంది. పుస్తెలమ్మి చేపని కంటి కింద పొడిపించుకోమని ఏ సామెతా చెప్పలేదు.

ఇంతకీ ఆ సాల్మన్ చరిత్ర ఎవరైనా కనుక్కున్నారా? పులసకీ దానికీ చుట్టరికం లేకపోయినా అలవాటు ఒకటే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. ఆ ఈత మొదలవగానే చమ్ సాల్మన్ తిండి మానేస్తుంది. కొన్ని వారాల్లోనే ముసలిదైపోతుంది. చర్మం పాడై, ఒంటి మీద బూజు పట్టి, పని కాగానే ఆ నీళ్లలోనే చచ్చిపోతుంది. ముసలితనం ఎంత వేగంగా ముంచుకురాగలదో చెప్పడానికి జీవశాస్త్రవేత్తలు చూపించే ఉదాహరణల్లో పసిఫిక్ సాల్మన్ ముందుంటుంది. సృష్టిలో ఇన్ని ప్రాణులుండగా, వందేళ్లు దాటి బతికే తాబేళ్లుండగా, నిత్యయవ్వనం కోసం వెతికి వెతికి పట్టుకున్నది దీన్నా?

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇంకా కష్టమైనది. "అమ్మాయ్, నేను శనివారం నీచు ముట్టను కదా, ఆ ఇంజెక్షన్ శుక్రవారం చేయించుకుంటే మర్నాటికి అరిగిపోతుందంటావా?" కార్తీకం వస్తే సిట్టింగులు ఆపాలా, ఆపితే మొదటి రెండు సిట్టింగుల డబ్బూ దండగేనా, ఉపవాసం నాడు కళ్ల కింద చేప పెట్టుకుని శివాలయంలోకి వెళ్లొచ్చా, ఇవి ఏ పంచాంగంలోనూ లేవు. శాకాహారులకి గులాబీల నుంచీ జిన్సెంగ్ నుంచీ తీసిన పీడీఆర్ఎన్ క్రీములు కూడా వచ్చేశాయి. కాబట్టి బాధపడకండి, మీ ఆచారానికి భంగం రాకుండానే మీ పర్సు ఖాళీ అవుతుంది.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు అసలు విషయం.

రెడీమేడ్ గోరింటాకు కోన్ పెట్టుకుంటే చెయ్యి పొక్కిందని నేనొక క్లినిక్కి వెళ్లాను. పేరు అనవసరం, అన్నీ అలాగే ఉన్నాయి. డాక్టరు నా చెయ్యి చూసి, చీటీ రాసి, లేచి వెళ్లిపోయాడు. అప్పుడు కౌన్సెలర్ అనే అమ్మాయి వచ్చింది. తెల్లకోటు వేసుకుంది గాని డాక్టర్ కాదు. గుండ్రటి లైటు ముందు కూర్చోబెట్టి, "మేడమ్, ఒకసారి నవ్వండి" అంది. నవ్వాను.

"చూశారా, నవ్వితే గీతలొస్తున్నాయి."

"నవ్వకపోతే?"

"నవ్వకపోయినా కొంచెం ఉన్నాయి మేడమ్. గ్రేడ్ టూ."

ట్యాబ్‌లో నా కుడికన్ను స్క్రీన్ నిండా వచ్చింది. అంత పెద్దది చేస్తే ఏ కన్నయినా ఎండిన చెరువులాగే ఉంటుంది. కాగితం మీద 48,000 అని రాసింది, కొట్టేసింది, 32,000 అని రాసింది. "ఈరోజే కడితే." చెయ్యి పొక్కినందుకు వెళ్లిన దాన్ని. ఆ చేతి గురించి ఆమె ఒక్క ముక్క అడగలేదు. ఆ పొక్కిన చేత్తోనే డబ్బు మాత్రం వెంటనే కట్టమంది.

ఈ వ్యాపారం కిటుకు నాకు అక్కడే అర్థమైంది. మన జబ్బేమిటో మన ముఖం చెప్పదు, వాళ్లు ఏ మెషిన్ కొన్నారో అది చెప్తుంది. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్ఎఫ్ మెషిన్ తెచ్చారు, ఆ సీజన్‌లో ఊరందరి చర్మం వదులైపోయింది. ఇప్పుడు సాల్మన్ డబ్బాలు దింపారు, అందరికీ డీఎన్ఏ పాడైంది. కంటి కింద నలుపు వేరు, గుంట వేరు, కొవ్వు సంచి వేరు, గీత వేరు. నలుపు మన ఇళ్లల్లో చాలామందికి పుట్టుకతో వచ్చే రంగు, లేదా అలర్జీతో కళ్లు నలుపుకున్నందువల్ల వచ్చింది. ఫిల్లర్ గుంట నింపుతుంది, గీత చెరపదు. పైపైన పెడితే కింద నీలంగా కనపడుతుంది, అప్పుడు మళ్లీ 'డార్క్ సర్కిల్ ప్యాకేజీ'. ఏడాదిలో కరిగిపోతుందని చెప్పి పెట్టిన ఫిల్లర్ ఏళ్ల తర్వాత కూడా ఎమ్మారైల్లో కనిపిస్తోంది. ఇవన్నీ ఒక్క గ్రేడ్ టూలో కలిపేసి రేటు రాసిందా పిల్ల. ఆ పిల్లదేం తప్పులెండి, ఆమెకి టార్గెట్టు ఇచ్చినవాడు లోపల ఏసీలో ఉన్నాడు.

మా ఆడపడుచు కూతురు, పాతికేళ్ల పిల్ల, గచ్చిబౌలిలో ఉద్యోగం, నాకు ఫోన్ చేసి "అత్తయ్యా, ముడత వచ్చాక వేయించుకుంటే లాభం లేదట, రాకముందే ప్రివెంటివ్ బోటాక్స్ వేయించుకోవాలట" అంది. బోటాక్స్ మెల్లకన్ను సరిచెయ్యడానికి పుట్టిన మందు. ఆ పనికే అమెరికాలో 1989లో ఆమోదం వచ్చింది. వాంకూవర్‌లో ఒక కంటి డాక్టరమ్మ జీన్ కరూథర్స్, కళ్లు అదిరే జబ్బుకి వాడుతుంటే నుదుటి గీతలు కూడా పోతున్నాయని గమనించి, చర్మవైద్యుడైన భర్తతో కలిసి 1992లో పత్రం రాసింది. కనుబొమల మధ్య గీతలకి 2002లో, నవ్వితే కంటి పక్కన వచ్చే గీతలకి 2013లో ఆమోదాలు వచ్చాయి. సరిగ్గా కంటి కిందకి కాదు. అక్కడ కన్ను మూసే కండరాన్ని పడుకోబెడితే కింది రెప్ప వేలాడి, లేని సంచి కొత్తగా వస్తుంది. మూడు నాలుగు నెలలకి మందు దిగిపోతుంది. అంటే పాతికేళ్లకి మొదలెట్టి అరవై దాకా వేయించుకుంటే వంద పైచిలుకు సార్లు, రాని ముడత కోసం. అలా అని దానికి చెప్తే "మీ జనరేషన్‌కి సెల్ఫ్ కేర్ తెలీదు అత్తయ్యా" అంది. ఆ మాటకి నాకు వచ్చిన కోపంలో ఎన్ని ముడతలు పడ్డాయో ఆ గుండ్రటి లైటుకే తెలియాలి.

ఇక్కడి నుంచి నాకు వెటకారం రాదు.

ఫిల్లర్ పొడిచే సూది పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే, ఆ జిగురు వెనక్కి నడిచి కంటికి రక్తమిచ్చే నాళాన్ని మూసెయ్యగలదు. రెటీనాకి రక్తం అందకపోతే గంటన్నరలోపే జరగరాని నష్టం జరిగిపోతుంది. పోయిన చూపు చాలామందికి తిరిగి రాదు. అరుదే, కానీ నిజం. అమెరికా ఎఫ్‌డీఏ 2015లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఈ మాట ఏ రీలులో విన్నారు? ఏ కౌన్సెలర్ చెప్పింది? సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ఉంటుంది, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో, సూదిమందు వెయ్యడానికి ముఖం తుడిచాక చేతికిస్తారు. తెలుగు తప్ప చదవలేని అమ్మకి కూడా అదే కాగితం. కళ్లజోడు అప్పటికే తీయించేస్తారు కూడా. కంటికి వైద్యం చేస్తూ, ఆ కన్నుకి కనపడకుండా అనుమతి తీసుకునే వ్యాపారాన్ని ఏమనాలి?

మరి సూది పట్టుకునేది ఎవరు? చర్మవైద్యంలో ఎండీ చేసినవాళ్లు ఉన్నారు, ప్లాస్టిక్ సర్జన్లు ఉన్నారు, వాళ్ల పేరు బోర్డు మీద ఉంటుంది. గదిలోకి వచ్చేది వేరే మనిషి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకి తగిలించిన మనిషి. యూట్యూబ్ చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే, పరిస్థితి ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. ఆరోగ్య సేవలకిచ్చే జీఎస్టీ మినహాయింపు అందానికి చేసే సర్జరీకి లేదు. ఇది వైద్యం కాదని పన్నులవాళ్లకి తెలుసు. మనకే స్టెతస్కోపు బొమ్మ వేసి అమ్ముతున్నారు.

ముడతలకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, అవి ఎవరూ పండగ ఆఫర్‌లో పెట్టరు. ఎండలోకి వెళ్లే ముందు సన్‌స్క్రీన్, చలవ కళ్లద్దాలు, సిగరెట్ మానడం, డాక్టరు చూసి రాసిచ్చిన ట్రెటినాయిన్ క్రీము రాత్రిపూట కొంచెం, గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం వాడకూడదు. నెలలు పడుతుంది, పూర్తిగా పోవు. అంతే సంగతులు.

అయినా ఫిల్లరే కావాలి, వ్రతానికే కావాలి అనుకుంటే మీ ఇష్టం, మీ ముఖం, మీ డబ్బు. డబ్బు కట్టే ముందు మాత్రం రెండు మాటలు అడగండి. సూది వేసే మనిషి రిజిస్ట్రేషన్ నంబరెంత? ఫిల్లర్‌ని కరిగించే హయాలురోనిడేజ్ ఈ గదిలో ఉందా? ఉందంటే నమ్మకండి, వయల్ తెచ్చి చేతిలో పెట్టమనండి, గడువు తేదీ చదవండి, కళ్లజోడు పెట్టుకునే చదవండి. కౌన్సెలర్ అటూ ఇటూ చూసి "డాక్టర్‌గారిని అడిగి చెప్తాను మేడమ్" అందా, చెప్పులు తలుపు బయట స్టాండులోనే ఉంటాయి.