ఖాళీ కుర్చీ ఎదురు చెప్పదు

(కొత్తగా వీసీ అయిన సార్లకు కట్టంగూరు నుంచి కొన్ని చిట్కాలు)

సార్, బొకేలు తీసుకోవడం అయిపోయాక ఇది చదవండి. యూనివర్సిటీ నడపడం కష్టమని ఎవరన్నా చెప్తే నమ్మకండి. నడపకుండా ఉంటే చాలా సులువు.

1. ముందు ఖాళీలు లెక్కపెట్టించండి. నింపడానికి కాదు, కాపాడుకోవడానికి. పర్మినెంట్ ప్రొఫెసర్‌కు ధైర్యమెక్కువ. తన క్లాసులో ఏం చెప్పాలో తనే తేల్చుకుంటానంటాడు. ఆయన రిటైరైతే ఆ చోట పార్ట్‌టైం మనిషిని పెట్టి, రెన్యువల్ ఫైలు మీ సొరుగులో ఉంచుకోండి. మా ఊరాయన ఒకరు ఇట్లనే ఏళ్లుగా పాఠాలు చెప్తున్నారు. విద్యా స్వేచ్ఛ మీద ఆయన నోట ఒక్క మాట రాదు. అడిగితే బత్తాయి రేటు చెప్తారు.

2. చరిత్ర కూడా కాస్త చదవండి. 1966లో ఉస్మానియా వీసీ డి.ఎస్.రెడ్డిని దించడానికి సర్కారు ఏకంగా చట్టం మార్చి 13-ఎ సెక్షన్ పెట్టింది. ఆయన కోర్టుకెక్కారు. సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఎంత వృథా శ్రమ! రాస్తేనే కదా కొట్టేసేది. 2024 మేలో మన తెలంగాణలో పది యూనివర్సిటీల వీసీల గడువు తీరింది. అక్టోబరు దాకా ఐఏఎస్‌లే ఇన్‌చార్జీలు. చట్టంలో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

3. పాలకమండలి అంటే బెంగ వద్దు. 1991 చట్టం పుణ్యమా అని సభ్యులను సర్కారే నామినేట్ చేస్తుంది. అయినా ఒకరిద్దరు ఫైలు చదివి వచ్చే రకం ఉంటారు. వాళ్ల కోసం మీటింగ్ హైదరాబాద్‌లో పెట్టండి. ఎజెండా కుర్చీలో కూర్చున్నాకే చేతికివ్వండి. అసలు సంగతిని ‘టేబుల్ ఐటం’ అని చివర్లో, బిర్యానీ మూత తీసే వేళకు బయటపెట్టండి. ఆ వాసనలో డిసెంట్ నోట్ రాసిన మొనగాడు ఇంకా పుట్టలేదు. ముందే చేసేసిన పనులకైతే ‘ర్యాటిఫికేషన్’ అని చక్కటి మాట ఉండనే ఉంది.

4. అకడమిక్ సెనేట్‌ను పిలవకండి. ఎందుకు పిలవలేదని అడిగితే కమిటీ వేయండి.

5. విద్యార్థులను సర్క్యులర్‌తో ఆపొచ్చు. అయితే జాగ్రత్త: 2025 మార్చిలో ఉస్మానియాలో ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇస్తే, దాని మీదే ధర్నాలు జరిగాయి. మీరు సెలవుల్లో ఇవ్వండి. ఎవరూ చదవని చోట అంటించండి.

6. గదిలో కట్టమంచి రామలింగారెడ్డి ఫొటో ఉంటే తీయించండి. తెల్లదొరల అణచివేతకు నిరసనగా 1930లో ఆంధ్రా యూనివర్సిటీ వీసీ పదవినే వదిలేసిన మనిషి ఆయన. 1936లో మళ్లీ ఆయనే వీసీ అయ్యారు, నిజమే. ఆరేళ్లు ఆగే తీరిక మీకెక్కడిది?

మీకున్నది మూడేళ్లు. అందులో ఆరు నెలలు శాలువాలకే పోతాయి. ఇవాళే మొదలుపెట్టండి సార్.